జూరకన్‌ని షిరాల్గా అడిగిన రోజు

వేట నుంచి దిగివచ్చే మనిషి ఎదురుపడితే "షిరాల్గా!" అని అరవాలి. అరిచినవాడికి వేటగాడు వాటా ఇచ్చి తీరాలి. అందరికంటే ముందు అరిచినవాడు ఏ భాగం కోరితే ఆ భాగం వాడిది. కొండ ఇచ్చినదాన్ని ఒక్కడే మూటగట్టుకుపోతే మరుసటేడు కొండ చెయ్యి ముడుచుకుంటుంది. మా లోయలో పాలు తాగే పిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు.

అందుకే చెక్కుచెదరని మాంసంతో ఇల్లు చేరిన వేటగాణ్ణి చూసి జనం నవ్వుతారు. దారిలో ఎవరూ అడగలేదంటే రెండే కారణాలు. వాడు దొంగదారిన వచ్చి ఉండాలి, లేదా జనం వాణ్ణి వేటగాడి కింద జమకట్టకపోయి ఉండాలి. జూరకన్ దొంగదారిన నడిచే మనిషి కాదు. నడిదారిన, అందరి గుడారాల ముందు నుంచి, తల ఎత్తుకుని వచ్చింది. అయినా ఆ ఏడు ఆకు రాలే కాలంలో ఆమె మాంసం ముక్క తగ్గకుండా ఇంటికి చేరింది. మగవాళ్ళ నోళ్ళు మూతపడిపోయాయి మరి. నోరు మూయడానికి మగవాడికి ఎప్పుడు శక్తి వస్తుందో చూశారా? ఆడదాని గొప్ప ఒప్పుకోవాల్సి వచ్చినప్పుడు.

జూరకన్ తండ్రి విల్లులు చేసేవాడు. కొండమేక కొమ్ము చీల్చి కర్రకి లోపలివైపు అతికించి, వెలుపలివైపు దుప్పి వెన్నునరాలు దువ్వి పరిచి, జిగురుతో బిగించి, ఏడాది పొడుగునా నీడన ఆరబెడితే గానీ అది విల్లు కాదు. నారి విప్పితే కోపమొచ్చిన గొంగళిపురుగులా వెనక్కి ముడుచుకుంటుంది. చిన్నప్పటి నుంచీ ఆయన జిగురుకుండ కలిపింది జూరకనే. జిగురు మరీ పొంగకూడదు, మరీ చల్లారకూడదు. కుండ దగ్గర కూర్చున్న పిల్లకి ఓపిక దానంతటదే వస్తుంది. ఆడపిల్ల ముట్టుకుంటే విల్లు చచ్చుబడిపోతుందని ఎవరో అంటే ఆయన, "జిగురు కలిపిన చెయ్యి ఎవరిదనుకున్నావ్? నీ భుజాన ఉన్న విల్లుక్కూడా అదే చెయ్యి. దించెయ్ అయితే," అన్నాడట. ఆ మనిషి దించలేదు.

బొటనవేలికి కొమ్ము ఉంగరం తొడిగి నారి లాగడం, ఊపిరి విడిచే మధ్యలో వదలడం, తడిరోజున విల్లుని ఒంటికి ఆనించి దాచుకోవడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చింది. పెళ్ళయి వచ్చేటప్పుడు పరుపుల మధ్య చుట్టి ఒక విల్లు పంపాడు. అత్తవారి ఊళ్ళో నవ్వారు. మొగుడు సాదిర్ నవ్వలేదు. మంచివాడు సాదిర్, నెమ్మదస్తుడు. కానీ గురి మాత్రం దేవుడు వేరేవాళ్ళకి పంచిపెట్టి మిగిలింది ఇచ్చాడు. గుడారం వెనక కంబళి మూట వేలాడదీసి జూరకనే అతనికి నేర్పింది. రెండేళ్ళకి ఊళ్ళో సాదిర్ని మెర్గెన్ అన్నారు. గురి తప్పని వేటగాడికే ఆ పేరు దక్కుతుంది. అసలు సంగతి అత్త బాత్మాకి ఒక్కదానికే తెలుసు.

"వాడికి నేను తల్లినైతే, వాడి గురికి నువ్వు తల్లివే," అనేది బాత్మా, చెవిలో.

సాదిర్ని వేసవి చివర్లో ఏరు తీసుకుపోయింది. గుర్రం ఒక్కటే ఈదుకుంటూ ఒడ్డుకొచ్చింది. ఏడాది పాటు జూరకన్ నల్లబట్ట కట్టింది. ఆ ఏడాదీ అత్తాకోడళ్ళ కుండ ఎలా ఉడుకుతోందని ఊళ్ళో ఎవరూ అడగలేదు. తెల్లవారకముందే ఆమె విల్లు తీసుకుని వెళ్ళేది, కుందేళ్ళూ కౌజులూ తెచ్చేది. చిన్న వేటకి షిరాల్గా ఉండదు కాబట్టి ఎవరి నోటికీ పని పడలేదు.

ఏడాది తీరిన మర్నాడే కెరింబాయ్, ఊరి పెద్దాయన గుడారంలో పంచాయితీ పెట్టాడు. కెరింబాయ్ సాదిర్‌కి బాబాయి కొడుకు, తమ్ముడి వరస. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క తుపాకీ అతనిది. వత్తి ముట్టించి పేల్చే రకం. మబ్బు పట్టిందంటే దానికి జలుబు చేస్తుంది. పెద్దాయన తోలోముష్ సాదిర్ తండ్రికి అన్న. జూరకన్‌కి పెదమావ.

"అన్న వస్తువు తమ్ముడిది. గుర్రం నాకొచ్చింది, జీను నాకొచ్చింది. విల్లేం పాపం చేసింది?" అన్నాడు కెరింబాయ్.

"గుర్రం నీకు రాలేదురా, ఏట్లోంచి దానంతటదే వచ్చింది," అంది బాత్మా. "నువ్వేదో ఈదించినట్టు చెప్తావేం?"

"పెద్దమ్మా, నేనేం తిండి పెట్టనన్నానా? మీ ఇద్దరూ మా గుడారానికి వచ్చెయ్యండి. వదినకి మా ఇంట్లో చోటుంది."

"ఆ చోటెక్కడో మాకూ తెలుసులే నాయనా. నీ పెళ్ళానికి అటుపక్క."

గుడారంలో నవ్వు లేచింది. కెరింబాయ్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ నవ్వినవాళ్ళకి కూడా తెలుసు, మాట అక్కడే ఉందని. విల్లు పోతే ఆ ఇద్దరి పొయ్యి ఆరిపోతుంది. పొయ్యి ఆరిన విధవ మొగుడి తమ్ముడి పొయ్యి దగ్గరికి నడవాల్సిందే. అతను విల్లు మీద చెయ్యి వేసింది ఆ నడకని చూసుకునే.

అప్పటిదాకా తలొంచుకుని ఉన్న జూరకన్ అంది, "పెదమావయ్యా, ఆ విల్లు మా నాన్న చేసింది. ఈ ఏడాదంతా మా కుండ ఉడికింది దాంతోనే. నేనివ్వను."

మొగుడి వైపు మగవాళ్ళ పేర్లు కోడలు పలకకూడదు గనక ఆమె ఎవర్నీ పేరు పెట్టి అనలేదు. అయినా ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకి తగిలింది.

"ఆడది దుప్పిని కొడుతుందా?" అన్నాడు కెరింబాయ్. "కుందేళ్ళంటే కుక్కలూ పడతాయి."

తోలోముష్ గడ్డం నిమురుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎటూ మాట పడకుండా బతకాలనుకునే రకం. అలాంటివాళ్ళ తీర్పులు దొర్లుకుంటూ పోయి ఎవరో ఒకరి కాలి మీద పడతాయి.

"విల్లు వేటగాడిది," అన్నాడు చివరికి. "వేటగాడెవరో నేను చెప్పడం కాదు, ఊరి నోరు చెప్పాలి. చలి మకాంకి కిందికి దిగేలోపు ఊళ్ళో ఒక్కరంటే ఒక్కరు ఈ అమ్మాయిని షిరాల్గా అడిగారా, విల్లు ఈమెదే. మళ్ళీ ఎవరూ ఎత్తడానికి లేదు. అడగలేదా, అబ్బాయిది."

"ఒకే పొయ్యి దగ్గర తినేవాళ్ళు అడగకూడదు," అని గుర్తుచేశాడు కెరింబాయ్, బాత్మా వంక చూస్తూ.

"నేనెందుకు అడుగుతానురా, అది తెచ్చేదంతా నాదేగా!" అంది బాత్మా.

అది తీర్పు. వినడానికి న్యాయంగానే ఉంది. కెరింబాయ్ మాత్రం ఆ రోజే గుడారం గుడారానికీ తిరిగాడు. చలికాలంలో ఎండుగడ్డి అతని దగ్గరే దొరుకుతుంది. "ఆడదాని ముందు చెయ్యి చాచినవాడు ఆ చేత్తో నా గడ్డి ముట్టుకోడు," అన్నాడు. అన్నది నవ్వుతూనే, కానీ విన్నవాళ్ళు నవ్వలేదు.

నాలుగు రోజులు తిరక్కుండా జూరకన్ కొండజింకని కొట్టింది. లేత పోతుజింక. ఇంట్లో మిగిలిన ముసలి గుర్రం మీద అడ్డంగా వేసుకుని నడిదారిన దిగింది. నీళ్ళు మోసుకొస్తున్న ఇద్దరు మగవాళ్ళు ఎదురుపడ్డారు. ఒకడు ఆకాశం చూశాడు.

"పైన చలిగా ఉందా వదినా?" అన్నాడు.

"ఉంది."

"ఆఁ. చలే మరి," అన్నాడు రెండోవాడు. ఇద్దరూ పక్కకి తప్పుకున్నారు. జింక కాలు వాళ్ళ భుజానికి రాసుకుంది. అయినా వాళ్ళకి జింక కనబడలేదు.

గుడారాల మధ్యకి వచ్చేసరికి కుక్కలు వెంటపడ్డాయి గానీ మనుషులు పడలేదు. తోలోముష్ గుడారం ముందు కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి జోడు విప్పి, అందులో రాయి ఏదో పడ్డట్టు దులపడం మొదలుపెట్టాడు. ఆమె దాటిపోయేదాకా దులుపుతూనే ఉన్నాడు. ఊరంతా మోయగలిగినన్ని రాళ్ళున్నాయి ఆ జోట్లో.

మాంసం అలాగే ఇంటికి చేరింది. బాత్మా దాని మీద కంబళి కప్పింది, చచ్చిన మనిషికి కప్పినట్టు. అప్పుడు బయటికొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని అరిచింది.

"ఒరేయ్, నోళ్ళు కుట్టేసుకున్నారా? కుట్టుకునేటప్పుడు దారం ఎవరిచ్చాడో తెలుసులే నాకు! గడ్డి తినే దారం!"

పక్క గుడారం అనీపా ఆ సాయంత్రం పాలకుండ అడిగే మిషతో వచ్చింది. ముక్కుతో కంబళి వైపు వాసన పీలుస్తూ గుసగుసలాడింది.

"అక్కా, నేనడుగుతా. ఇక్కడ, గుడారం వెనక. మా ఆయనకి తెలీకూడదంతే. నువ్వు తర్వాత పెదమావకి చెప్పుకో, అనీపా అడిగిందని."

జూరకన్ ఒక తొడ కోసి ఆమె ఒళ్ళో పెట్టింది. "ఇది తీసుకెళ్ళు. పిల్లలకి వండు. అడగొద్దు."

"అడక్కపోతే నీకేం లాభం?"

"చాటున అడిగేదైతే షిరాల్గా ఎందుకు, దొంగతనం చాలు. దారిలో, నలుగురూ వినేలా అడిగితేనే అది మాట. నిన్ను బతిమాలి అడిగించుకుంటే నేను వేటగత్తెనవుతానా, ముష్టిదాన్నవుతానా?"

అనీపా తొడ తీసుకుని వెళ్ళిపోయింది. బాత్మా మూలనుంచి, "పొగరు ఉడకబెట్టుకుని తిందాం మనం," అంది. కానీ ఆమె ముఖంలో పొగరు కోడలి ముఖంలో కన్నా ఎక్కువే ఉంది.

రెండో జింకకీ అదే అయింది. ఈసారి జనం ఇంకా తెలివి మీరారు. ఆమె దిగుతుందని కుక్కలు మొరిగేసరికి గుడారాల తలుపు తెరలు దిగిపోయాయి. దారి మొత్తం ఖాళీ. ఎవరి గుడారంలోనో చంటిపిల్ల మాత్రం ఏడ్చింది. జూరకన్ ఆ ఖాళీ దారిన గుర్రాన్ని తొందరపెట్టకుండా నడిపించింది. ప్రతి తెర వెనకా ఒక కన్ను ఉందని తెలుసు. ఆ కళ్ళ కోసమే వీపు నిటారుగా పెట్టింది. ఇంటికొచ్చాక మాత్రం జీను విప్పి, దాని మీదే కూలబడింది.

కిందికి దిగే రోజు దగ్గరపడింది. అప్పుడే పై లోయలో మరాల్ దుప్పి రంకె వేసింది. ఆ గొంతు విన్నవాళ్ళు చేస్తున్న పని ఆపి తల ఎత్తారు. ముసలి మగదుప్పి, గంపెడు కొమ్ములు. కెరింబాయ్ రెండు రోజులు దాని వెంట తిరిగాడు. రెండో రోజు ఢామ్మని శబ్దమూ, కొండంత పొగా వచ్చాయి. దుప్పి మాత్రం రాలేదు. వత్తి తడిసిందన్నాడు, గాలి మారిందన్నాడు, గుర్రం దగ్గిందన్నాడు. ఆ తర్వాత దుప్పి ఇంకా పైకి, రాతి సందుల్లోకి పోయింది. మనిషి అలికిడికే మాయమయ్యేలా తయారైంది.

మర్నాడు ఊరు దిగుతుందనగా జూరకన్ మధ్యాహ్నం అత్త ముందు నిలబడింది.

"అత్తా, పైకలా వెళ్ళొస్తా."

వేటకి వెళ్తున్నానని ఎవరూ అనరు. కొండ మీద మృగాల్ని కాచే కైబెరెన్ తల్లికి చెవులున్నాయి. బాత్మాకి తెలుసు, పైకి అంటే ఎంత పైకో.

"గుడారం ఎవరు విప్పుతారే?"

"అదే ఆలోచిస్తున్నా."

"ఆలోచించకు. నేనూ నా మోకాళ్ళూ విప్పుకుంటాం. జడల ఎద్దుని తోలుకుపో, గుర్రానికి అంత బరువు ఆగదు." అని నాలుక కరుచుకుంది బాత్మా. బరువు మాట ముందే అనడం శకునం కాదు. మూడుసార్లు నేల మీద ఉమ్మి, "పోవే పో, కట్టెలు తెచ్చుకో," అంది గట్టిగా, కొండకి వినబడేలా.

ఆ సాయంత్రం పైన రాతి కింద జూరకన్ నిప్పు రాజేయలేదు. పొగమంచు లోయలోంచి పైకి పాకుతోంది. కొమ్ము విల్లుకి తడి కంటే శత్రువు లేదు. జిగురు మెత్తబడితే విల్లు విల్లు కాదు, వంకర కర్ర. నారి విప్పి విల్లుని కోటు లోపల వీపుకి ఆనించి కట్టుకుంది. నారిని చుట్టచుట్టి తలగుడ్డ లోపల జుట్టులో దాచింది. తన ఒంటి వెచ్చదనం విల్లుకి ఇచ్చి తను ఒణుకుతూ కూర్చుంది. విల్లు కావాలన్న కెరింబాయ్‌కి ఈ సంగతి ఒకటి తెలిసుంటే అప్పుడే వద్దనేవాడేమో.

తెల్లవారుతుండగా రంకె వినబడింది, చాలా దగ్గరలో. గాలి తన ముఖం మీదికే కొడుతోంది. ఆమె నారి ఎక్కించింది. విల్లు నిండు బిగువుతో నిలబడింది. ఆర్చా చెట్టు మొదట్లో కూర్చుని, ఎండిన కొమ్మ తీసుకుని చెట్టు బెరడుకేసి గీరింది. ఆగింది. మళ్ళీ గీరింది. ఇంకో మగదుప్పి కొమ్ములు రుద్దుకుంటున్నట్టు. తండ్రి నేర్పింది ఇది. "కేకకి రాని మగాడు వెక్కిరింతకి వస్తాడు," అనేవాడాయన.

వచ్చింది. ముందు పొగమంచులో కొమ్ములు కనబడ్డాయి, చెట్టే నడిచొస్తున్నట్టు. తర్వాత మెడ జూలు, తర్వాత ఊపిరి ఆవిరి. వచ్చి పొద వెనక ఆగింది. ముఖం మాత్రమే కనబడుతోంది. ముఖం మీద బాణం వేయకూడదు. జూరకన్ నారి మీద వేలు పెట్టి ఉంది గానీ లాగలేదు. లాగి పట్టుకుంటే చెయ్యి అలిసి చెప్పినమాట వినదు. దుప్పి ఆమె వైపే చూస్తోంది. ఆమె కళ్ళు సగం మూసి నేల చూసింది. చూపు తగిలినా వాటికి తెలిసిపోతుంది.

ఎంతసేపో. చివరికి దుప్పి తనని ఎవడు వెక్కిరించాడో వెతుక్కుంటూ పక్కకి తిరిగింది. ముందుకాలు ముందుకి పడింది. కాలి వెనక ఉన్న మెత్తని చోటు తెరుచుకుంది. జూరకన్ లాగింది, ఊపిరి విడిచింది, మధ్యలో వదిలింది.

నారి చప్పుడు. దుప్పి ఒక్క దూకు దూకి, ఏమీ కానట్టు చెట్లలోకి నడిచిపోయింది.

అక్కడే తొందరపడేవాళ్ళు వేట పోగొట్టుకుంటారు. తగిలిన దుప్పిని తరిమితే అది రెండు కొండలు దాటుతుంది. వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది. జూరకన్ సంచీలోంచి ఎండు పెరుగు ఉండ తీసి నోట్లో వేసుకుంది. అది రాయిలాంటిది. నోట్లో కరిగేదాకా లేవకూడదని తండ్రి పెట్టిన నియమం. కాళ్ళు లేద్దామంటున్నాయి, గుండె పరిగెడదామంటోంది. ఆమె ఉండ చప్పరిస్తూ కూర్చుంది. ఎప్పుడూ పుల్లగా ఉండేది, ఆ రోజు రుచే తెలియలేదు. ఊరు కింద గుడారాలు విప్పుతూ ఉంటుంది. ఒంటెలు అరుస్తూ ఉంటాయి. బాత్మా ఒంటరిగా కర్రలు పీకుతూ తిడుతూ ఉంటుంది. ఇది తప్పితే ఇక లేదు.

ఉండ కరిగింది. లేచి వెళ్ళింది. నెత్తురు చుక్కలు నల్లరాళ్ళ మీదుగా పోయి ఒక ఆర్చా చెట్టు కింద ఆగాయి. దుప్పి అక్కడ కాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది, నిద్రపోయినట్టే. పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, దాని నుదుటి మీద అరచెయ్యి ఆనించింది.

"నీ మీద పగలేదు తండ్రీ," అంది. "పొయ్యి ఆరిపోతోంది, అంతే."

కోయడం, విడదీయడం, మోకాళ్ళ మీద కూలబెట్టిన ఎద్దు మీదికి భాగాలు దొర్లించడం, తాళ్ళు బిగించడం, అంతా ఒక్కతే చేసుకుంది. అన్నిటికీ పైన తల కట్టింది, కొమ్ములతో సహా. అప్పటికి పొద్దు పైకొచ్చింది గానీ మంచు విడలేదు. దిగుడు నిట్టనిలువు. ఎద్దుకి దారి తెలుసు. జూరకన్ వెనక నుంచి తాడు పట్టి, బరువు ముందుకి జారకుండా మడమలు తన్నిపెట్టి దిగింది. ముందు నుంచి చూసేవాళ్ళకి ఎద్దు ముట్టె, దాని మీద మాంసం కొండ, దాని మీద కొమ్ముల అడవి. మనిషి కనబడదు.

ఆమె దిగుతున్న వాగు దారి వెళ్ళి పెద్దదారిలో కలిసే చోటే ఊరంతా మూటాముల్లెతో దిగుతోంది. ముందు కెరింబాయ్, కొత్త కోటు వేసుకుని, తుపాకీ భుజాన. ఆ పక్కన తోలోముష్. వెనక ఒంటెలు, ఆడవాళ్ళు, గొర్రెలు. కెరింబాయ్ మాంచి హుషారుగా ఉన్నాడు. ఇవాళ సాయంత్రం కింద గుడారాలు వేస్తే విల్లు తన గుడారంలో వేలాడుతుంది.

అప్పుడు మంచులోంచి కొమ్ములొచ్చాయి.

పుట్టినప్పటి నుంచీ వింటూ పెరిగిన మాట కడుపులో ఉంటుంది, తలలో కాదు. కొమ్ములు చూసిన క్షణంలో అతనికి విల్లూ గుర్తులేదు, వదినా గుర్తులేదు. అవతలి లోయ వేటగాడెవడో మహా మరాల్‌ని కొట్టి దిగుతున్నాడు, ముందు అడిగినవాడికి కోరిన భాగం, పక్కనున్న ముసలాయన నోరు తెరిచేలోపు తను తెరవాలి. అంతే. కెరింబాయ్ రికాబుల మీద లేచి నిలబడి, లోయ అటుగోడకి తగిలి తిరిగొచ్చేలా అరిచాడు.

"షిరాల్గా! షిరాల్గా మెర్గెన్! నేనే ముందు!"

లోయ ఆ మాటని రెండుసార్లు తిరిగి చెప్పింది.

ఎద్దు వెనక నుంచి, తలగుడ్డ జారి, మోచేతుల దాకా నెత్తురుతో జూరకన్ బయటికొచ్చింది.

"కడుపు చల్లగుండాలి మరిదీ," అంది. వేటగాడు చెప్పాల్సిన జవాబు అదే. "ఏ భాగం కావాలి?"

ఒక్క క్షణం ఒంటెలు కూడా నమలడం ఆపినట్టయింది. తర్వాత వెనక ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, కట్ట తెగింది. ఒంటె మీద మూటల మధ్య కూర్చున్న బాత్మా ఒంటె మెడ పట్టుకుని ఊగిపోయింది.

"కోరుకోరా నాయనా, కోరుకో! ఎంత ముచ్చటగా అడిగావు! మెర్గెన్ అని కూడా అన్నావు!"

"నేను... అది... నేను అడగలేదు!" అన్నాడు కెరింబాయ్. "మంచులో కనబడలేదు. వేరే ఎవరో మగాడనుకున్నా!"

అతను తోలోముష్ వైపు తిరిగాడు. పెద్దాయన జోడు దులపలేదు ఈసారి. గుర్రం దిగాడు. మెల్లగా ఎద్దు దగ్గరికి నడిచి, బాణం దిగిన చోట వేలు పెట్టి చూశాడు. మాంసం ఎక్కడా చెడలేదు.

"నా చెవులు ముసలివే గానీ చెవిటివి కావురా," అన్నాడు. "షిరాల్గా వేటని చూసి అడుగుతారు, వేటగాడి గడ్డం చూసి కాదు. అడిగావు. నేను విన్నా, ఊరు విన్నది, కొండ విన్నది. అడిగి తీసుకోకపోతే కొండని తిట్టినట్టు. తీసుకో."

"పెదనాన్నా..."

"నోర్మూసుకుని తీసుకో. తెరవాల్సినప్పుడు మూశావు, మూయాల్సినప్పుడు తెరిచావు. ఇప్పుడన్నా సరిగ్గా మూయి."

కెరింబాయ్ గుర్రం జూలు సవరించడం మొదలుపెట్టాడు. భాగం జూరకనే ఎంచింది. కక్కుర్తిపడలేదు. కొవ్వు పట్టిన రొమ్ముభాగం మొత్తం, అన్నిటికంటే మంచిది, కోసి తన చేతులతో ఎత్తి అతని జీను ముందు పెట్టింది. కొత్త కోటు మీద నెత్తురు కారింది. ఆమె చూసింది గానీ తుడవలేదు.

అప్పుడు అనీపా ఒంటె దిగి పరిగెత్తుకొచ్చింది. మొగుడు వద్దన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. ఆమె అతనికి వీపు చూపించి, గొంతు చించుకుని "షిరాల్గా!" అంది. ఆమె వెనక ఇంకొకామె. ఆ వెనక, నీళ్ళు మోస్తూ ఆకాశం చూసిన ఇద్దరూ, ఇప్పుడు ఆకాశం గుర్తులేదు వాళ్ళకి. ముందు సిగ్గుపడుతూ, తర్వాత ఒకరినొకరు తోసుకుంటూ అడిగారు. గడ్డి ఇచ్చేవాడే అడిగాక గడ్డి కోసం భయపడేదెవరు? చలికి బిగుసుకున్న దారి నడిమధ్య జూరకన్ కత్తి పట్టుకుని నిలబడి, ఒక్కో అడిగినవాడికీ "కడుపు చల్లగుండాలి" అంటూ కోసి ఇచ్చింది. అని అని గొంతు బొంగురుపోయింది. అయినా ఒక్కరికీ ఆ మాట మింగి ఇవ్వలేదు. ఎన్నాళ్ళుగానో దాచిపెట్టుకున్న మాట మరి.

అందరూ అయ్యాక తోలోముష్ వచ్చాడు.

"అమ్మాయ్," అన్నాడు, మామూలుగా కోడళ్ళతో మాట్లాడే గొంతుతో కాదు. "షిరాల్గా."

"మీకు వేరే దాచాను పెదమావయ్యా." ఎద్దు మీది దుప్పి తల విప్పి ఇచ్చింది. పెద్దలకి తల ఇవ్వడం మర్యాద. కొమ్ములు పట్టుకుని మోయలేక ఆయన తడబడితే ఇద్దరు వచ్చి పట్టుకున్నారు.

"విల్లేదీ?"

కోటు గుండీలు విప్పి, వీపు మీది నుంచి తీసి చూపించింది. ముసలాయన దాన్ని తాకలేదు. "నీది," అన్నాడు. "కింద బాగా తడిగా ఉంటుంది. పొయ్యికి మరీ దగ్గరగా వేలాడదీయకు."

"తెలుసు," అంది జూరకన్. నవ్వింది. సాదిర్ పోయాక ఆమె నవ్వడం ఊరు చూడలేదు.

ఆ సాయంత్రం చలి మకాంలో ప్రతి గుడారం పై కంతలోంచీ మరాల్ మాంసం వాసన లేచింది, ఒక్క గుడారంలోంచి తప్ప. అందులో అత్తాకోడళ్ళు బార్లీ జావ తాగుతున్నారు. ఎద్దు మీద మిగిలింది తోలూ, ఒక గుర్తు తెలియని ఎముకా మాత్రమే.

"ఊరంతా మన మాంసం తింటోంది, మనం తప్ప," అంది బాత్మా.

"ఎముక ఉడకబెట్టనా?"

"ఉంచవే. కుక్క అడిగితే దానిక్కూడా షిరాల్గా ఇద్దాం." అని నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వింది. అప్పుడు గిన్నె కింద పెట్టి గంభీరంగా, "ఆ రొమ్ముభాగం ఎందుకిచ్చావే? కాలి గిట్ట ఇస్తే సరిపోయేది వాడికి," అంది.

"గిట్ట ఇస్తే నాకు కోపం ఉందనుకునేవాళ్ళు అత్తా. రొమ్ముభాగం ఇస్తే నేను గెలిచాననుకున్నారు."

బాత్మా ఈ మాటని నోట్లో చప్పరించి చూసి, ఒప్పుకున్నట్టు తల ఊపింది.

జూరకన్ ఆ విల్లుతోనే జుట్టు నెరిసేదాకా వేటాడింది. ఎవరి పొయ్యి దగ్గరికీ నడవలేదు. ఆమె పైకి వెళ్ళిందని తెలిస్తే మూడు లోయల జనం ఏదో పని కల్పించుకుని దారి పక్కన తచ్చాడేవారు. వాళ్ళందరి కంటే ముందు వచ్చి, ఎత్తైన రాయి ఎక్కి, చేత్తో కళ్ళకి నీడ పట్టుకుని నిలబడేవాడు ఒకడుండేవాడు. రొమ్ముభాగం రుచి మరిగిన కెరింబాయ్.